కాన్వెంటులో వేస్తే పిల్ల మతం మారిపోతుందా, అసలు అక్కడ ఎలా ఉంటుంది?

చెల్లెమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఉంటున్నది గజపతినగరం, పాపకి వచ్చే ఏడు ఒకటో తరగతి, విజయనగరంలో సిస్టర్ల స్కూల్లో వేద్దామని మీకుంది. మీ తోటికోడలు "ఇంగ్లీషు, క్రమశిక్షణ అంటే అక్కడే" అంటోంది, మీ అత్తగారేమో "రెండేళ్లలో పిల్లని కిరస్తానీ చేసేస్తారు" అని బెంగపెట్టుకున్నారు, మీవారు చెన్నైలో ఉండటంతో తేల్చాల్సింది మీరే. ఫీజులు, మతం, దండన, వేరే మతం పిల్లల్ని వేరుగా చూస్తారా అన్నది, వ్యాన్‌లో పంపొచ్చా అన్నది, ఇవన్నీ అడిగారు. నేను అలాంటి స్కూల్లో 22 ఏళ్లు తెలుగూ సోషలూ చెప్పాను, రెండేళ్ల కిందట మానేశాను. నా పిల్లలిద్దరూ పదో తరగతి వరకు అక్కడే చదివారు. మేం హిందువులం. స్కూలు పేరు మాత్రం రాయను, మంచితోపాటు చెడు కూడా రాయబోతున్నాను కాబట్టి.

ముందు ఒకటి తేల్చుకోండి, మీరు చూస్తున్నది నిజంగా క్యాథలిక్ స్కూలేనా? మన రెండు జిల్లాల్లోనూ పేరు ముందు సెయింట్ అనో వెనక కాన్వెంట్ అనో పెట్టుకున్న ప్రైవేటు స్కూళ్లు బోలెడున్నాయి, వాటిలో చాలావాటికి చర్చితో ఏ సంబంధమూ లేదు, మామూలుగా ఎవరో ఒకాయన నడుపుకునే స్కూళ్లే. అందులో తప్పేం లేదు గానీ మీరడిగినవాటికి అక్కడ జవాబులు వేరు. ఇంకో గందరగోళం కూడా ఉంది, మన వైపు బొబ్బిలి, పార్వతీపురం, శ్రీకాకుళం ప్రాంతాల్లో కెనడియన్ బాప్టిస్టు మిషన్ వాళ్లు ఎప్పటినుంచో పని చేశారు, అందుకని జనం అందర్నీ కలిపి మిషన్ వాళ్లు అనేస్తారు. క్యాథలిక్కులు వేరు. పాతవాళ్లు ఆర్.సి.ఎం. బడి అంటారు చూడండి, రోమన్ క్యాథలిక్ మిషన్, అది వీళ్లది. సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ అనే సంఘం ఫాదర్లు 1846లో విశాఖపట్నం వచ్చారు, చాలాకాలం మన ప్రాంతం ఆ విశాఖ కిందే ఉండేది, 1993లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకి కలిపి శ్రీకాకుళం మేత్రాసనం, అంటే ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతం, విడిగా ఏర్పడింది. కొన్ని స్కూళ్లని మేత్రాసనమే నడుపుతుంది, వాటికి ఫాదర్ కరెస్పాండెంటుగా ఉంటారు. కొన్నింటిని సిస్టర్ల సభలు నడుపుతాయి. ఏ సభ వాళ్లదో ఆఫీసులో అడిగితే చెప్తారు, మొహమాటపడకండి.

ఇక మీ అత్తగారి భయం. ఇన్నేళ్లలో స్కూలు వల్ల మతం మారిన హిందూ పిల్ల గానీ ముస్లిం పిల్ల గానీ నాకు ఒక్కరూ తెలియదు. అలాగని పిల్ల అక్కడినుంచి ఇంటికి ఏమీ తీసుకురాదని చెప్తే అబద్ధమవుతుంది. తెస్తుంది. పొద్దున్న అసెంబ్లీలో ప్రార్థన ఉంటుంది, మధ్యాహ్నం క్యారేజీ విప్పే ముందు ఇంకో చిన్నది ఉంటుంది, డిసెంబరు వస్తే ఏసు పుట్టిన పశువుల పాక బొమ్మ కడతారు, స్కూలుకి ఏ పునీతుల, అంటే సెయింట్ల, పేరు పెట్టారో వాళ్ల పండగ చేస్తారు. మా పెద్దది యూకేజీలో ఉండగా సంక్రాంతికి ఊరెళ్లాం. కంచం ముందు కూర్చుని కళ్లు మూసుకుని నుదురు, గుండె, రెండు భుజాలు తాకి సిలువ గుర్తు వేసుకుంది. మా అత్తగారు గరిటె అలాగే పట్టుకుని "ఏటే గుంటా, ఏటి సేస్తన్నావు?" అన్నారు. అది తడుముకోకుండా "అన్నం పెట్టినందుకు థ్యాంక్స్ చెప్తున్నా నానమ్మా" అంది. ఆవిడ కాసేపు దాన్నే చూసి "అలగైతే నాకూ సెప్పు, వండింది నానే కదా" అన్నారు. అంతే, ఇంట్లో గొడవ అక్కడితో అయిపోయింది. రెండు మూడేళ్లకి సిలువ గుర్తు దానంతటదే పోయింది. ఇప్పుడు దానికి 27 ఏళ్లు, కార్తీకమాసంలో నాకన్నా నిష్ఠగా దీపాలు పెడుతుంది.

అయినా మీకు ఇష్టం లేదనుకోండి, అది మీ హక్కు. రాజ్యాంగం 28వ అధికరణం మూడో క్లాజు ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ విద్యాసంస్థలోనైనా మతబోధనకి గానీ ప్రార్థనకి గానీ హాజరై తీరాలని ఎవర్నీ బలవంతం చేయకూడదు, మైనర్లయితే తల్లిదండ్రుల అంగీకారం ఉండాలి. అడ్మిషన్ ఫారంలో ఇంత చిన్న అక్షరాల్లో ఏదో రాసుంటుంది, మనం చదవకుండా సంతకం పెట్టేస్తాం. చదివి పెట్టండి. దేశంలోని క్యాథలిక్ బిషప్పుల సమాఖ్య 2024 ఏప్రిల్‌లో తమ స్కూళ్లన్నింటికీ మార్గదర్శకాలు ఇచ్చింది, వేరే మతాల పిల్లల మీద క్రైస్తవ ఆచారాలు రుద్దొద్దని, అసెంబ్లీలో రాజ్యాంగ ప్రవేశిక చదివించమని అందులో ఉంది. మా స్కూల్లో వేల్యూ ఎడ్యుకేషన్ పీరియడ్‌కి క్యాథలిక్ పిల్లలు సత్యోపదేశానికి, అంటే వాళ్ల మతపాఠానికి, వేరే గదికి వెళ్లేవాళ్లు, మిగతావాళ్లకి నేనో ఇంకో టీచరో నీతి కథలు చెప్పేవాళ్లం. మీరు చూసే స్కూల్లో ఎలా చేస్తున్నారో అడగండి.

ఇప్పుడు చెడు రాస్తాను, ఇందులో నా తప్పు కూడా ఉంది. ఆషాఢమాసం, నాలుగో తరగతికి నేను క్లాస్ టీచర్ని. ఒక పిల్ల రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడింది, నోట్సు ఇవ్వమంటే ఇవ్వదు. చేతులు ముందుకి తెమ్మన్నాను. అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్లకి టోపీలు, ఎర్రగా పండాయి, ఆకు వాసన ఇంకా పోలేదు. గోరింటాకు, గాజులు, పూలు కూడదని డైరీలో రూలు ఉంది. పై నుంచి మాట వస్తుందని భయపడి నేనే ఆ పిల్లని హెచ్.ఎం. గది బయట నిలబెట్టాను, రెండు పీరియడ్లు అలాగే నిలబడింది. సాయంత్రం లాంగ్ బెల్ అయ్యాక కుళాయి దగ్గర ఇసుకతో అరచేతులు రుద్దుకుంటూ కనిపించింది. అది పోతుందా? చర్మం కందిపోయింది గానీ చందమామ అలాగే ఉంది. నేను దగ్గరికెళ్లి చేతులు కడిగి ఇంటికి పంపించాను, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు వాళ్ల అమ్మమ్మ వచ్చారు. అరవలేదు, గొడవ చెయ్యలేదు. హెచ్.ఎం. సిస్టర్ ఎదురుగా కూర్చుని "అమ్మా, ఆషాఢంలో ఆడపిల్లకి గోరింటాకు పెట్టడం మా ఇంట్లో మా అమ్మమ్మ కాలం నుంచి ఉంది, ఇది సోకు కాదు" అని చెప్పారు. సిస్టర్‌ది కేరళ. మనకి ఇలాంటి ఆచారం ఉందని ఆవిడకి నిజంగానే తెలియదు. నన్ను పిలిచి "టీచర్, మీకు తెలుసు కదా, నాకెందుకు చెప్పలేదు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. స్టాఫ్ రూమ్‌లో తెలుగువాళ్లమైన టీచర్లం పదిహేను మందిమి ఉన్నాం, ఇన్నేళ్లుగా ఒక్కరం నోరు విప్పలేదు, తల్లిదండ్రులూ విప్పలేదు, అందరం డైరీలో ఉందిగా అని ఊరుకున్నాం. ఆ ఏడాది నుంచి ఆషాఢంలో గోరింటాకుకి అభ్యంతరం లేదని సర్క్యులర్ వచ్చింది. ఒక ముసలావిడ పావుగంట మాట్లాడితే జరిగిన పని అది. అందుకే చెల్లెమ్మా, ఈ స్కూళ్ల గురించి నన్ను ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే, గేటు దగ్గర ఆగిపోకండి. మన వాళ్లకి సిస్టర్లన్నా ఫాదర్లన్నా ఒక భయభక్తి, చేతులు కట్టుకుని "అలాగే సిస్టర్" అని వచ్చేసి, ఇంటికొచ్చి తిట్టుకుంటారు. మధ్యలో నలిగేది పిల్ల.

అయ్యప్ప మాల, భవానీ మాల సంగతి కూడా ఇలాంటిదే. ఒక హెచ్.ఎం. ఉండగా ఇంటి నుంచి లెటర్ తెస్తే నల్లబట్టలతో, చెప్పుల్లేకుండా రానిచ్చారు. అంతకుముందున్నావిడ యూనిఫాం మీద కండువా చాలన్నారు, ఇద్దరు పిల్లలు మాల వేసుకున్న రోజులంతా బడి మానేశారు. మీ ఇంట్లో ఈ అలవాట్లు ఉంటే చేరకముందే అడిగేయండి, చేరాక అడిగితే గొడవలా కనిపిస్తుంది. సెలవులు కూడా చూసుకోండి. విద్యాశాఖ క్యాలెండర్‌లోనే మిషనరీ స్కూళ్లకి దసరా సెలవులు తక్కువ, క్రిస్మస్ సెలవులు ఎక్కువ. దసరాకి అందరూ ఊళ్లకి పోతే మీ పాప బ్యాగు తగిలించుకుని బయల్దేరాల్సి రావచ్చు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను పండగ. ఆ రోజు మూడు లాంతర్ల దగ్గర కాలు పెట్టడానికి చోటుండదు, ఆ రోజు ఎలాగూ ఏ వ్యానూ కదలదు లెండి. ముందురోజు, తొలేళ్ల సోమవారం మాత్రం బడి ఉంటుందో లేదో అడిగి తెలుసుకోండి.

ఇంగ్లీషు గురించి మీ తోటికోడలు చెప్పింది చాలావరకు నిజమే. చేతిరాత, స్పెల్లింగు, నలుగురిలో నిలబడి మాట్లాడటం, ఇవి బాగా వస్తాయి. కానీ "తెలుగు మాట్లాడితే ఫైన్" అనే రూలు ఎక్కడైనా ఉంటే దాని మీద నేను పోట్లాడతాను, 22 ఏళ్లు పోట్లాడాను కూడా. ఒకటో తరగతి బాబు, నెల్లిమర్ల వైపు పల్లె నుంచి కొత్తగా వచ్చాడు. బాత్రూంకి వెళ్లాలంటే ఇంగ్లీషులోనే అడగాలని చెప్పారు. వాడికి "మే ఐ" వరకే వచ్చు, ఆ తర్వాత మాట రాదు. మే ఐ, మే ఐ అంటూ నిలబడ్డాడు, టీచరు మొత్తం చెప్పమంది, అక్కడే నిక్కరు తడిపేసుకున్నాడు. పిల్లలంతా నవ్వారు. వారం రోజులు బడికి రాలేదు. గురజాడ వారి ఇల్లున్న ఊళ్లో తెలుగు మాట్లాడినందుకు ఒక పిల్లాడు తలవంచుకోవాల్సి వచ్చిందంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. తర్వాత స్టాఫ్ మీటింగులో గట్టిగా మాట్లాడితే ఒకటి, రెండు తరగతులకి ఆ రూలు ఎత్తేశారు. మీ పాప ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది కాబట్టి చిన్న తరగతుల్లో ఈ పద్ధతి ఉందా లేదా అన్నది ఫీజు కన్నా ముందు అడగండి. కొట్టడం నా చిన్నప్పటితో పోలిస్తే చాలా తగ్గింది, ఎక్కడైనా స్కేలు వాడుతున్నారని తెలిస్తే ఊరుకోవద్దు, కొట్టే హక్కు ఏ టీచరుకీ లేదు.

ఫీజుల దగ్గర జనానికి ఒక అపోహ ఉంది, చర్చి స్కూలు కదా విదేశాల నుంచి డబ్బులొస్తాయి, తక్కువకే చెప్తారు అని. ప్రభుత్వ ఎయిడ్ లేని స్కూలైతే టీచర్ల జీతాలు పిల్లల ఫీజుల్లోంచే రావాలి. నాకు తెలిసినంతలో కార్పొరేట్ స్కూళ్ల కన్నా తక్కువే ఉంటుంది గానీ అడ్మిషన్ ఫీజు, పుస్తకాలు, రెండు రకాల యూనిఫాం, బూట్లు, వ్యాను అన్నీ కలిపి కాగితం మీద వేసుకున్నాకే నిర్ణయించుకోండి. విద్యాహక్కు చట్టం కింద 25 శాతం ఉచిత సీట్లు అంటారు కదా, అవి ఇక్కడ అడగలేరు, 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి మైనారిటీ విద్యాసంస్థలకి ఆ చట్టం వర్తించదని చెప్పింది. ఆ తీర్పు సరైనదేనా అని 2025 సెప్టెంబరులో ఇద్దరు జడ్జిల బెంచి సందేహపడి పెద్ద బెంచి చూడాలని కోరింది గానీ, ప్రస్తుతం మీరు దాని మీద లెక్కలు వేసుకోవద్దు. ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు మాత్రం ప్రైవేటు స్కూలు పిల్లలకీ వస్తుంది, 2025లో తల్లుల ఖాతాల్లో 13,000 వేశారు, రేషన్ కార్డు, హాజరు సరిగ్గా ఉంటే చాలామంది తల్లులు దాన్ని ఒక టర్మ్ ఫీజుకి సర్దేస్తున్నారు.

ఫీజు కట్టలేదని పిల్లల్ని నిలబెట్టడం మా దగ్గర కూడా జరిగింది, దాచను. జూట్ మిల్లులో పనిచేసే తండ్రి, లాకౌట్ పడి నెలలు గడిచాయి, కొడుకు ఎనిమిదిలో ఉన్నాడు. యూనిట్ టెస్టు రోజు ఆఫీసు వాళ్లు పేర్లు చదివి వీణ్ణి బయటికి పంపేశారు. వాడు మెట్ల మీద కూర్చుని అట్ట మీద తెల్లకాగితం పెట్టుకుని, లోపల టీచరు చదువుతున్న ప్రశ్నలు విని అక్కడే జవాబులు రాస్తున్నాడు. నేను ఆ కాగితం పట్టుకుని హెచ్.ఎం. దగ్గరికి వెళ్లాను, ఆవిడ చూసి ఏమీ మాట్లాడలేదు, వాణ్ణి లోపల కూర్చోబెట్టమన్నారు, ఆ కాగితమే దిద్ది మార్కులు వెయ్యమన్నారు. తర్వాత తండ్రిని పిలిపించారు. ఆయన మొహమాటంతో నాలుగు నెలలుగా స్కూలు వైపు రాలేదు, వచ్చి పరిస్థితి చెప్పుంటే మొదటి నెలలోనే వాయిదాలు ఇచ్చేవాళ్లమని సిస్టర్ అన్నారు. ఇచ్చారు కూడా, కొంత తగ్గించారు. కానీ పిల్లాడు మెట్ల మీద కూర్చున్న ఆ గంట ఎవరూ తిరిగివ్వలేరు. మీకు ఎప్పుడైనా ఇబ్బంది వస్తే పిల్ల చేతికి చీటీ ఇచ్చి పంపకండి, మీరే వెళ్లండి.

వేరుగా చూస్తారా అన్నారు. మా క్లాసుల్లో క్యాథలిక్ పిల్లలు ఎప్పుడూ కొద్దిమందే, ఎక్కువమంది హిందువులే, కాబట్టి మీ పాప ఒంటరిదైపోదు. నిజం చెప్పాలంటే నాకు ఎక్కువ దిగులుగా అనిపించింది ఆ కొద్దిమంది క్యాథలిక్ పిల్లల గురించే. పల్లెలో ఉపదేశిగా, అంటే ఫాదర్ తరఫున మతపాఠాలు చెప్పేవాడిగా, పనిచేసే ఒకాయన కూతురు మా దగ్గర ఆరో తరగతిలో చేరింది, విచారణ ఫాదర్, అంటే వాళ్ల వైపు చర్చి చూసే ఫాదర్, ఇచ్చిన లెటర్ మీద ఫీజు రాయితీ. స్కూలు మా వాళ్లదే అని వాళ్ల నాన్నకి గొప్ప, పిల్లకేమో అందరూ కార్లలో, స్కూటీల మీద దిగుతుంటే తను బస్సు దిగి నడిచి రావడం, జామెట్రీ బాక్సు లేకపోవడం, రాయితీ పిల్ల అని తోటివాళ్లు గుసగుసలాడటం. కుల సర్టిఫికెట్ తెమ్మన్నప్పుడు బీసీ-సి అని ఉంటే పక్కపిల్ల "అంటే ఏమిటి" అని అడిగింది, మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లకి ఇచ్చే గ్రూపు అది. ఆ పిల్ల జవాబు చెప్పకుండా కాగితం మడిచి పుస్తకంలో పెట్టేసుకుంది. ఆ స్కూలు ఎవరి కోసం పెట్టారో వాళ్ల పిల్లే అక్కడ బిక్కుబిక్కుమంటూ ఉండటం నాకు బాధగా ఉండేది. పదోతరగతిలో తెలుగులో క్లాస్ ఫస్ట్ వచ్చింది ఆ అమ్మాయి. ఇప్పుడు నర్సు.

ఇంకొక్క మాట, బయటివాళ్లకి తెలియనిది. సిస్టర్లకీ ఫాదర్లకీ కొన్నేళ్లకోసారి ట్రాన్స్‌ఫర్లు ఉంటాయి, వాళ్ల సభ ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లాల్సిందే. టీచర్లం మేం అలాగే ఉంటాం, హెచ్.ఎం. మారగానే స్కూలు గాలే మారిపోతుంది. నేను ఆరుగురు హెచ్.ఎం.ల కింద పనిచేశాను. ఒకావిడ సాయంత్రం గేటు దగ్గర నిలబడి ప్రతి పిల్లనీ పేరు పెట్టి పిలిచేవారు, ఇంకొకావిడ గది తలుపు మూడేళ్లు మూసే ఉంది. అందుకని మీ తోటికోడలు పదేళ్ల కిందట చూసిన స్కూలు, మీరు ఇప్పుడు వేయబోయే స్కూలు ఒకటే అనుకోవద్దు. ఇప్పుడున్నావిడ ఎలాంటివారో, వచ్చి ఎన్నాళ్లయిందో కనుక్కోండి. సాయంత్రం స్కూలు వదిలే టైముకి ఒకరోజు వెళ్లి బయట నిలబడండి. రెండో తరగతి పిల్లల తల్లుల్ని, ఎనిమిదో తరగతి పిల్లల తల్లుల్ని విడివిడిగా అడగండి, జవాబులు వేరుగా ఉంటాయి. ర్యాంకుల పిచ్చి ఇక్కడ తక్కువ, అది నాకు నచ్చింది, కానీ పది అయ్యాక విశాఖలో కార్పొరేట్ ఇంటర్‌లో చేరిన పిల్లలు మొదటి ఆరు నెలలు చాలా టెన్షన్ పడతారు. అది మీకు ఇంకా పదేళ్ల దూరం.

వ్యాను విషయం. గజపతినగరం నుంచి పాతిక కిలోమీటర్ల పైనే, అందర్నీ ఎక్కించుకుంటూ వచ్చేసరికి గంటన్నర పడుతుంది. ఆరేళ్ల పిల్ల పొద్దున్న ఆరున్నరకి ఎక్కి సాయంత్రం ఆరుకి దిగితే అన్నం తినే ఓపిక కూడా ఉండదు. నేనైతే ఒకటి రెండు తరగతులు గజపతినగరంలోనే మంచి బడి చూసి చదివిస్తాను, లేదంటే మీరే విజయనగరంలో ఇల్లు తీసుకోవాలి. దాసన్నపేట, కంటోన్మెంట్ వైపు అద్దె ఇళ్లు దొరుకుతాయి. అడ్మిషన్ మాట్లాడటానికి వెళ్లే రోజు పాపతోపాటు మీ అత్తగారిని కూడా తీసుకెళ్లండి, ఆవిడ భయం ఏమిటో ఆవిడనే సిస్టర్‌తో నేరుగా చెప్పనివ్వండి. సిస్టర్ ఆవిడకి కుర్చీ వేసి విన్నారా, గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడారా, అది చూసి వచ్చాక ఇక్కడే రాయండి, నేను చూస్తూనే ఉంటాను.